ఏడో నంబరు ఎవరిది?

"కరెంటంతా మింగేది ఆ గ్రైండరేరా. తెల్లారుజామున నాలుగున్నరకి మొదలెడితే ఆరైనా ఆగదు. దిండు చెవుల మీద పెట్టుకున్నా వినపడుద్ది."

నడిపి మామయ్య ఆ మాటంటూ బిల్లు కాగితం నా చేతిలో పెట్టాడు. పెద్ద మామయ్య పడక్కుర్చీలోంచి అవునన్నట్టు తలూపాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ చిన్నత్తయ్య ఏమీ అనలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

తెనాలిలో మా అమ్మ పుట్టిల్లు అది. తాతయ్య కట్టించాడు. ముందు వాటా పెద్ద మామయ్యది, మేడ నడిపి మామయ్యది, వెనక రెండు గదులూ వంటిల్లూ చిన్న మామయ్యవి. చిన్న మామయ్య పోయి నాలుగేళ్లు. చిన్నత్తయ్య ఇద్దరు ఆడపిల్లలతో అక్కడే ఉంటూ, దోసెల పిండీ ఇడ్లీ పిండీ రుబ్బి వీధిలో నాలుగిళ్లకు ఇచ్చుకుంటోంది.

వాటాలు మూడైనా సర్వీసు ఒక్కటే. త్రీ ఫేజ్ మీటరు, తాతయ్య పేరు మీదే. యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధరే పెరుగుతుంది కాబట్టి, మూడు సంసారాలు ఒక మీటరు కింద ఉంటే ప్రతినెలా పై స్లాబులోకి ఎక్కక తప్పదు. ఎవరి వల్ల ఎక్కుతున్నాం అన్నదే ఆ ఇంట్లో తగువు. మొదట్లో బిల్లును మూడు సమాన భాగాలు చేసుకునేవాళ్లు. పద్నాలుగు నెలల కిందట లెక్క మారింది. సగం చిన్నత్తయ్యది, మిగతా సగం అన్నదమ్ములిద్దరిది. కారణం గ్రైండరు. మోత వినిపించేదే ఎక్కువ తింటుందని మనకు గట్టి నమ్మకం.

నేను ఎలక్ట్రికల్ పని చేసుకు బతికేవాణ్ని. ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో బోర్డులు బిగిస్తాను. ఈ తగువు తీర్చడం నాకు చిటికెలో పని అనుకున్నాను. ఒకేసారి పన్నెండు సర్క్యూట్ల కరెంటును విడివిడిగా కొలిచే మీటరు ఒకటి కొని, ఓ ఆదివారం పొద్దున్నే రైలెక్కాను. ఆ రోజూ ఆ తర్వాత వారం రోజులూ జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. పేర్లు మాత్రం చెప్పను.

మెట్ల కింద గోడలో డిస్ట్రిబ్యూషన్ బాక్సు. తలుపు తెరిస్తే పన్నెండు ఎంసీబీలు, అంటే ఒక్కో సర్క్యూట్‌ను విడిగా ఆపే స్విచ్చులు, ఫేజుకు నాలుగు చొప్పున. తలుపు లోపలివైపు అంటించిన అట్టముక్క మీద ఎవరో పెన్సిల్‌తో రాశారు. 1, 2, 3 ముందు. 4 మోటారు. 5, 6 మేడ. 7, 8 వెనక. 9, 10 మళ్లీ మేడ. 11, 12 దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. నేను అది చదివాను, నమ్మాను. ఈ కథలో మొదటి తప్పు అదే. అది నాది.

కరెంటాఫీసు వాళ్ల మీటరు జోలికీ దాని సీలు జోలికీ పోకూడదు. అది చట్టరీత్యా నేరం. మన మీటరు ఎప్పుడూ దాని తర్వాతే, మన బోర్డులోనే. మెయిన్ ఆపాను. మెయిన్ ఆపితే బోర్డంతా చచ్చిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. మెయిన్ స్విచ్చుకు పైన, మీటరు నుంచి వచ్చి బిగిసిన మూడు ఫేజు వైర్లూ బతికే ఉంటాయి. మా వృత్తిలో చాలామంది అక్కడే చేతులు కాల్చుకున్నారు. ఆ భాగానికి రబ్బరు షీటు అడ్డం పెట్టాను. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి వెలుగుతోందని చూసుకుని, తర్వాత పని చెయ్యాల్సిన చోట పెట్టి, మళ్లీ ఉన్నచోట పెట్టి చూశాను. మధ్యలో టెస్టరే పాడై ఉంటే ఆరిన దీపాన్ని నమ్మి చెయ్యి పెడతాం కదా.

మీటరుతో వచ్చిన కాయిళ్లు చూడ్డానికి అగ్గిపెట్టెలంత ఉంటాయి. నోరు తెరిచి, ఎంసీబీ నుంచి బయటికి వెళ్లే ఫేజు వైరును మధ్యలో పెట్టి నొక్కితే టిక్కుమని మూసుకుంటాయి. వైరు కొయ్యక్కర్లేదు, తొక్క ఒలవక్కర్లేదు. వైరులో పారే కరెంటు తన చుట్టూ పుట్టించే అయస్కాంత క్షేత్రమే కాయిల్లో చిన్న సంకేతాన్ని పుట్టిస్తుంది. దాన్ని బట్టి మీటరు ఆంపియర్లు లెక్కగడుతుంది. కాయిల్ తీగలను ముందు మీటర్లో బిగించి, ఆ తర్వాతే వైరుకు తగిలించాలి. కరెంటు పారుతుండగా ఆ చివర్లు ఊరికే వదిలేస్తే కొన్ని రకాల కాయిళ్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ పుడుతుంది. మూడో దాంట్లో పొరపాటున ఫేజూ న్యూట్రలూ రెండూ ఇరికించాను. మెయిన్ వేసి చూస్తే, పోయే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ కొట్టేసుకుని సున్నా చూపించింది. మళ్లీ మెయిన్ ఆపి న్యూట్రల్ బయటికి లాగితే సరిపోయింది. మధ్యాహ్నం రెండయ్యేసరికి పన్నెండు కాయిళ్లూ బిగించాను.

మీటరుకు వోల్టేజీ కూడా తెలియాలి. అందుకని మూడు ఫేజుల నుంచి మూడు సన్నటి వైర్లు, ఒక్కోదానికి చిన్న ఫ్యూజు పెట్టి ఇచ్చాను. ఏ కాయిల్ ఏ ఫేజుదో సెట్టింగుల్లో చెప్పాలి. మొదటి నాలుగూ ఆర్, తర్వాతి నాలుగూ వై, చివరి నాలుగూ బీ అని పెట్టేశాను. బోర్డులో వరస అదే కదా.

మెయిన్ వేసి, ఇంట్లో వస్తువులన్నీ ఆపించి, ఒక్కో వాటాలో ఒక్కో వస్తువు వేయించి చూస్తున్నాను. వెనక వాటాలో ఇస్త్రీ పెట్టె పెట్టమన్నాను. ఫోన్ తెరమీద ఏడో నంబరు దగ్గర మైనస్ 485 వాట్లు అని వచ్చింది.

"మైనస్సేంట్రా? అంటే మా మరదలు కరెంటు తయారుచేసి మనకిస్తోందా?" అన్నాడు పెద్ద మామయ్య.

కాయిల్ మీద బాణం గుర్తు ఉంటుంది. అది తిరగబడితే లెక్క మైనస్‌లో వస్తుంది. కాయిల్ తిప్పి పెట్టాను. 485, ప్లస్‌లోనే. హమ్మయ్య అనుకుని ఎనిమిదో దానికి వెళ్లబోతున్నాను.

"బాబూ, ఒకసారి ఇటు చూడు." చిన్నత్తయ్య ఇస్త్రీ పెట్టె తిరగేసి పట్టుకుని వచ్చింది. "దీని మీద వెయ్యి అని రాసుంది. నీ దాంట్లో సగమే చూపిస్తోంది."

ఆవిడ చేతిలో ఉన్న పెట్టె నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. పిడి దగ్గర చిన్న రేకు, దానిమీద అరిగిపోయిన అక్షరాలు, 230 వోల్టులు, 1000 వాట్లు. ఆ సగం లెక్క అలాగే ఉండిపోయి ఉంటే లాభం ఎవరికి? ఆవిడకే. ఆ సంగతి ఆవిడకు తెలుసు. అయినా చెప్పింది.

వీధి గోడకున్న పెద్ద మీటరు దగ్గరికి వెళ్లాను. దానిమీద ఎర్రదీపం మిణుకుతుంది. యూనిట్‌కు 1600 మిణుకులని పైనే రాసి ఉంది. ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఒక్కటే వేయించి, నడిపి మామయ్య కొడుకు చేత గడియారం పట్టించి లెక్కపెట్టాను. నిమిషానికి 26. గంటకు 1560. అంటే దాదాపు 970 వాట్లు. మీటరు సరే, ఇస్త్రీ పెట్టె సరే, నా సెట్టింగే తప్పు.

కారణం బోర్డులో వెతికితే దొరికింది. ఏడో ఎంసీబీకి అడుగునుంచి వచ్చే చిన్న ముక్క వైరు వై ఫేజు నుంచి రావడం లేదు. ఆర్ నుంచి వస్తోంది. మన ఊళ్లలో ఒక ఫేజు పోయిన రాత్రి ఫ్యాను తిరగాలని వైరు పీకి పక్క ఫేజుకు తగిలించడం మామూలే. ఎప్పుడో అలా మార్చినవాళ్లు మళ్లీ వెనక్కి మార్చలేదు, ఎక్కడా రాసీ పెట్టలేదు. మూడు ఫేజుల వోల్టేజీలు ఒకదాని వెనక ఒకటి, చుట్టులో మూడో వంతు తేడాతో నడుస్తాయి. ఒక ఫేజు కరెంటును పక్క ఫేజు వోల్టేజీతో కలిపి లెక్కగడితే ఇస్త్రీ పెట్టె లాంటివాటికి సరిగ్గా సగం వస్తుంది, అదీ మైనస్‌లో. నేను కాయిల్ తిప్పి ఆ మైనస్‌ను దాచేశాను, అంతే. ఏడోదాన్ని ఆర్ అని మార్చి, కాయిల్‌ను మొదటున్నట్టే పెట్టాను. 970 వచ్చింది. మిగతా పదకొండూ విడివిడిగా సరిచూసుకున్నాను. అవి వరసలోనే ఉన్నాయి.

పెద్ద మామయ్య అరుగు మీద కూర్చుని ఇదంతా చూశాడు. "మా నాన్న రోజుల్లో మీటర్లో చక్రం తిరిగేదిరా. నల్లగీత ఎన్నిసార్లు తిరిగిందో ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టేవాడు. నీ ఫోన్లో అంకెలకి ఆ నమ్మకం ఏది?" అన్నాడు. న్యాయమైన మాటే. బుడాపెస్టులోని గాంజ్ ఫ్యాక్టరీలో 1889లో ఓట్టో బ్లాథీ చేసిన మీటరు నుంచి వచ్చింది ఆ చక్రం. అంతకుముందు న్యూయార్కులో ఎడిసన్ కంపెనీ ఇళ్లలో పెట్టిన మీటర్లలో జింకు పలకలు ముంచిన సీసాలు ఉండేవి. నెలకోసారి కంపెనీ మనిషి వచ్చి పలకలు పట్టుకెళ్లి తూకం వేసి, తగ్గిన బరువును బట్టి బిల్లు రాసేవాడు. ఇంటాయనకు ఆ సీసా చూస్తే ఏమీ తెలిసేది కాదు. చక్రం వచ్చాక తన కళ్లతో తాను చూసుకోగలిగాడు. నేను మిణుకులు లెక్కపెట్టింది కూడా అందుకే. పెద్ద మామయ్య పక్కన నిలబడి తనూ లెక్కపెట్టాడు. ఆయనకు 27 వచ్చింది.

వారం తర్వాత మళ్లీ ఆదివారం వెళ్లాను. ఈసారి అందరూ హాల్లో కూర్చున్నారు. ఏడో నంబరు రోజుకు సగటున ఆరు యూనిట్లు. ఇంట్లో అన్నిటికన్నా అదే ఎక్కువ. దానికి ఎనిమిదోది, వెనక వాటా లైట్లూ ఫ్యాన్లదీ, కలపాలి.

"నేను చెప్పలేదూ?" నడిపి మామయ్య గొంతులో కోపం లేదు. నిజం తేలిందన్న నింపాది. నాకు అదే భయం వేసింది. నోటి మాటగా ఉన్నంతకాలం చిన్నత్తయ్యకు ఎదురుచెప్పే వీలుంది. ఇప్పుడు నేను తెచ్చిన డబ్బా ఆ మాటకు ముద్ర వేసింది. మొన్న ఆవిడే చెప్పి సరిచేయించకపోతే ఈ ఆరు మూడుగా కనపడేది.

చిన్నత్తయ్య నేలకేసి చూస్తూ అడిగింది. "రోజులో ఏ టయానికి ఎంత కాలిందో కూడా చూపిస్తుందా అది?"

చూపిస్తుంది. గీత తెరిచాను. తెల్లారుజామున నాలుగున్నర నుంచి ఆరు దాకా చిన్న గుట్ట, అయిదొందల వాట్లు. అది గ్రైండరు. అడుగున రోజంతా వేస్తూ ఆపుతూ ఉన్న చిన్న చిన్న మెట్లు ఫ్రిజ్‌వి. ఆ రెండూ కలిపి రోజుకు రెండు యూనిట్లు కూడా లేవు. మరి మిగతాది? పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య, నిలువుగా లేచి నిలువుగా పడిపోయిన పెద్ద దిమ్మలు, ఒక్కోటీ 1950 వాట్లు. మధ్యాహ్నం ఒకటి. రాత్రి పదకొండున్నరకు ఆరు నిమిషాలు. తెల్లవారి నాలుగింటికి మళ్లీ ఆరు నిమిషాలు. ప్రతిరోజూ అంతే.

"అర్ధరాత్రి నేనేం రుబ్బుతాను బావగారూ?" అంది చిన్నత్తయ్య. ఆ నాలుగు మాటలకే గొంతు వణికింది.

వెనక వాటాలో రెండు వేల వాట్ల వస్తువే లేదు. నేను లేచి మెట్ల కిందకి వెళ్లాను. మొదటి రోజే చెయ్యాల్సిన పని అప్పుడు మొదలుపెట్టాను. మూడు వాటాల్లోనూ ఉన్నవన్నీ వెయ్యమన్నాను. లైట్లు, ఫ్యాన్లు, టీవీలు, ఖాళీ ప్లగ్గుల్లో ఫోన్ ఛార్జర్లు. నడిపి మామయ్య కొడుకుని ఇల్లంతా తిరగమన్నాను. నేను ఒక్కో ఎంసీబీ దించడం, వాడు ఆరినవి అరిచి చెప్పడం, చిన్నత్తయ్య పెద్దమ్మాయి నోట్‌బుక్‌లో రాయడం.

"ఒకటి దించాను."

"తాతయ్య గది ఫ్యానూ లైటూ! వరండా లైటు!"

రెండు, మూడు, నాలుగు అయ్యాయి. అయిదు, ఆరు అయ్యాయి. ఏడు దించాను. వెనక నుంచి కేక వచ్చింది, "ఫ్రిజ్ ఆగింది, గ్రైండర్ ప్లగ్గు ఆగింది!" తర్వాత వాడి కాళ్ల చప్పుడు మెట్లెక్కుతూ వినిపించింది. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత పైనుంచి,

"నాన్నా! మన బాత్రూంలో గీజరు ఎర్రలైటు ఆరిపోయింది!"

ఏడో ఎంసీబీ పైకి ఎత్తాను. "వెలిగింది!" దించాను. "ఆరింది!" మూడుసార్లు చేయించాను. మూడోసారికి నడిపి మామయ్య తనే మేడెక్కి బాత్రూం గుమ్మంలో నిలబడ్డాడు. కిందకి దిగేటప్పుడు ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు.

మేడమీద ఆ బాత్రూం కట్టి పన్నెండేళ్లు. సరిగ్గా చిన్నత్తయ్య వంటింటి మీద ఉంటుంది. గీజరుకు వైరు కావాల్సి వచ్చినప్పుడు, మెట్ల కింద బోర్డు దాకా గోడ పగలగొట్టడం ఎందుకని, కింద వంటింటి పవర్ పాయింటు జంక్షన్ బాక్సులోంచి పైకి లాగేశాడు అప్పటి మేస్త్రీ. అరగంట పని. పెయింటు వేశాక గోడ మీద దాని ఆనవాలు కూడా లేదు. ఎక్కడా ఒక్క అక్షరం రాయలేదు. ఆ గీజరు నెలల తరబడి రాత్రింబవళ్లు వేసే ఉంటోంది. నడిపి అత్తయ్య ఏడుపు గొంతుతో అంది, "పంపు తిప్పితేనే కాలుతుందనుకున్నానే, నాకేం తెలుసు?" ఆవిడ మాట నేను నమ్ముతాను. చాలా ఇళ్లలో అలాగే అనుకుంటారు. ఎవరూ వాడకపోయినా నీళ్లు చల్లారినప్పుడల్లా గీజరు దానంతటదే వేసుకుంటుంది, కాసేపటికి ఆగుతుంది. చప్పుడు మాత్రం చెయ్యదు.

పద్నాలుగు నెలలు ఆ చప్పుడు లేని వస్తువు తిన్నది చప్పుడు చేసే వస్తువు ఖాతాలో పడింది. దాన్ని అంకెలతో రుజువు చెయ్యడానికి ఒక్క అడుగు దూరంలో నిలబడ్డాను నేను. నా మీటరు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఏడో వైరులో రోజుకు ఆరు యూనిట్లు పారిన మాట నిజమే. ఏడో వైరు అంటే ఎవరు అన్నది మీటరుకు తెలియదు. నేను తెలుసుకుని చెప్పాలి. పాత అట్టముక్క చూసి చెప్పాను.

ఆ మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. సాయంత్రం పెద్ద మామయ్య కళ్లజోడు పెట్టుకుని పాత బిల్లులన్నీ ముందేసుకున్నాడు. అయిదున్నర దాకా కూడికలు, తీసివేతలు. ఒక మొత్తం తేల్చి తమ్ముడి ముందు పెట్టాడు. నడిపి మామయ్య దాన్ని రెండు నెలల్లో చిన్నత్తయ్యకు ఇచ్చేశాడు. ఆవిడ వద్దంటే, "తీసుకోకపోతే నేను వెనక వాటాలోకి తలెత్తుకుని రాలేను" అన్నాడట. ఆ మరుసటి వారమే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిపించి గీజరుకు మేడ ఎంసీబీ నుంచి వేరే వైరు లాగించారు. ఈసారి గోడ పగిలింది.

నేను మాత్రం ఆ రాత్రి తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. పిల్ల నోట్‌బుక్‌లో రాసినదంతా ముందు పెట్టుకుని, ఒక్కో నంబరుకూ అది నిజంగా ఏ ఫేజు, వైరు మందం ఎంత, ఏ ఏ గదుల్లో ఏ ఏ పాయింట్లు, కాయిల్ నంబరెంత, బాణం ఎటు అన్నీ రాశాను. దేనితో సరిచూశామో కూడా రాశాను: "ఇస్త్రీ పెట్టె, 970 వాట్లు, వీధి మీటరు నిమిషానికి 26 మిణుకులు." తేదీ వేశాను. గోడల్లో వైర్లు ఎటునుంచి ఎటు వెళ్లాయో తెలిసినంతవరకు బొమ్మ గీశాను. చిన్నత్తయ్య వంటింట్లోంచి పైకి పోయిన పాత వైరును చుక్కల గీతతో చూపించి, "దీన్ని తీసేస్తే కొట్టివెయ్యండి" అని పక్కన రాశాను. ఫ్యాక్టరీల్లో ఇలాంటి కాగితం లేకుండా ఏ పనీ నా చేతుల మీదుగా పోనివ్వను. మేనమామల ఇంట్లో ఎందుకు వదిలేశానో నా దగ్గర మంచి జవాబు లేదు. మన ఇల్లే కదా, అన్నీ మనకు తెలిసినవే కదా అనుకున్నాను. తాతయ్య ఇంట్లో ఏ వైరు ఎక్కడికి పోతుందో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదని ఆ సాయంత్రం గానీ అర్థం కాలేదు.

పదకొండో నంబరు దగ్గర ఆగిపోయాను. దించినా ఎత్తినా ఇంట్లో ఏమీ ఆరలేదు, ఏమీ వెలగలేదు. తెర మీద సున్నా. వాడుకలో లేదు అని రాద్దామనిపించింది. అదీ ఒక ఊహే కదా. "తెలియదు" అని రాశాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి డబ్బా తలుపు లోపల అంటించి, పాత అట్టముక్క తీసేశాను.

సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. మెట్ల కింద తలుపు తీసి చూస్తే కాగితం అక్కడే ఉంది. చుక్కల గీతను ఎవరో స్కేలు పెట్టి కొట్టేసి, పక్కన తేదీ వేశారు. ఏడో నంబరు దగ్గర "మేడ గీజరు" అన్న రెండు మాటలూ కొట్టేసి ఉన్నాయి. గీజరు తొమ్మిదికి మారింది. పదకొండో నంబరు దగ్గర నేను రాసిన "తెలియదు" కింద, నీలం పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో చిన్నత్తయ్య చేతిరాత: "పెరటి గోడ మీద పాత బల్బు హోల్డరు. కొత్త బల్బు పెట్టి చూశాను, వెలిగింది."